క్షీణించే నరాల జబ్బులు: ఇంటి నుంచి ఫోన్‌తో లక్షణాల నమోదు

మెదడులోనో వెన్నుపాములోనో నాడీకణాలు కొద్దికొద్దిగా దెబ్బతింటూ, ఏళ్ల తరబడి ముదిరే జబ్బులు కొన్ని ఉన్నాయి. పార్కిన్‌సన్స్, ఏఎల్‌ఎస్ అని పిలిచే మోటార్ న్యూరాన్ జబ్బు, హంటింగ్టన్స్, వంశపారంపర్యంగా వచ్చే అటాక్సియాలు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కొన్ని రకాలు వీటిలో ముఖ్యమైనవి. వీటిని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కొన్నింటికి లక్షణాలను అదుపులో ఉంచే మందులున్నాయి. ఆ మందుల మోతాదు, వేళ సరిగ్గా కుదరాలంటే రోగి రోజంతా ఎలా ఉంటున్నాడో వైద్యుడికి తెలియాలి. రోగి ఇంట్లోనే ఉండి స్మార్ట్‌ఫోన్‌తో తన వణుకును, నడకను, మాటను, వేళ్ల కదలికను కొలిచి, లేదా వీడియో తీసి వైద్యుడికి చేరవేసే పద్ధతి గత పదిహేనేళ్లలో రూపుదిద్దుకుంది. ఈ వ్యాసం ఆ పద్ధతిని శంషాబాద్, హైదరాబాద్ విమానాశ్రయ ప్రాంతం నుంచి చూస్తుంది. పార్కిన్‌సన్స్ గురించి ఎక్కువగా, మిగతా జబ్బుల గురించి తక్కువగా చెబుతుంది. ఎందుకంటే ఫోన్ కొలతలపై జరిగిన పరిశోధనలో పెద్ద భాగం పార్కిన్‌సన్స్ మీదే జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికే ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా పార్కిన్‌సన్స్‌తో జీవిస్తున్నారు.

శంషాబాద్ నుంచి పంజగుట్టకు

రంగారెడ్డి జిల్లాలోని శంషాబాద్ దగ్గర రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాదాపు 5,500 ఎకరాల ఆ ఆవరణ చుట్టూ హోటళ్లు, గోదాములు, విమానాల మరమ్మతు షెడ్లు వెలిశాయి. అయినా మామిడిపల్లి, ముచ్చింతల్, కొత్తూరు వైపు ఊళ్లలో చెయ్యి వణుకుతున్న పెద్దమనిషికి కదలికల జబ్బుల నిపుణుడు కావాలంటే నగరంలోకి వెళ్లాల్సిందే. చాలామందికి అది పంజగుట్టలోని నిమ్స్, లేదా అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి. ఆరాంఘర్ నుంచి మెహిదీపట్నం దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చాక కారున్నవాళ్లకు దారి సుఖమైంది. ఆర్టీసీ బస్సులో వచ్చే రోగికి, అతన్ని పట్టుకుని వచ్చే మనిషికి అది ఇప్పటికీ ఒక రోజు కూలీ పోయే పని.

దూరం కన్నా పెద్ద చిక్కు మరొకటుంది. పార్కిన్‌సన్స్‌లో ప్రధానమైన మందు లెవోడోపా. జబ్బు మొదటి ఏళ్లలో ఒక మాత్ర పనితనం గంటల తరబడి నిలుస్తుంది. జబ్బు ముదిరేకొద్దీ ఆ వ్యవధి కుంచించుకుపోతుంది. మందు పనిచేస్తున్న వేళను ఆన్ అని, దిగిపోయిన వేళను ఆఫ్ అని నరాల డాక్టర్లూ రోగులూ అంటారు. ఆఫ్‌లో అడుగు నేలకు అతుక్కుపోతుంది, మాట గొంతులోనే ఉండిపోతుంది, పక్క మీద ఒత్తిగిల్లడానికి కూడా మరొకరి చెయ్యి కావాలి. ఆన్‌లో అదే మనిషి లేచి టీ పెట్టుకుంటాడు. కొందరిలో మందు ఎక్కువై, కాళ్లూ చేతులూ మెడా మెలికలు తిరిగే అదుపులేని కదలికలు వస్తాయి. తెల్లవారుజామున మాత్ర వేసుకుని శంషాబాద్‌లో బస్సెక్కిన రోగి, ఓపీ వరుసలో తన వంతు వచ్చేసరికి ఆన్‌లో ఉంటాడో ఆఫ్‌లో ఉంటాడో ఎవరూ చెప్పలేరు. డాక్టరు చూసే ఆ పది నిమిషాల్లో కనిపించినదాన్ని బట్టే రాబోయే మూడు నెలల మందు నిర్ణయమవుతుంది. దీనికి తోడు డాక్టరు ఎదుట నిలబడగానే చాలామంది రోగులు ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఇంట్లో కన్నా బాగా నడుస్తారు. ఇంట్లో ఎలా పడిపోతున్నాడో చెప్పబోయిన భార్య మాట అక్కడ తేలిపోతుంది.

స్వీడన్‌కు చెందిన సారా రిగారే అనే ఇంజనీరు, తానే పార్కిన్‌సన్స్ రోగి, ఈ విషయాన్ని అంకెల్లో చూపించింది. ఏడాదిలో నరాల డాక్టరు ఎదుట తాను గడిపేది ఒక్క గంట, మిగిలిన 8,765 గంటలూ తన జబ్బును తానే చూసుకోవాలి. ఆమె తన మాత్రల వేళలను, వేళ్ల కదలిక వేగాన్ని ఫోన్‌లో నమోదు చేసుకుని, ఏ మాత్ర తర్వాత ఎప్పుడు పట్టు తప్పుతోందో పట్టుకుంది. ఆ తర్వాత ఈ స్వీయ నమోదు మీదే పరిశోధన చేసి డాక్టరేట్ పొందింది.

కాగితం డైరీ నుంచి

ఫోన్‌కు ముందు కాగితం డైరీ ఉంది. రోజును అరగంటల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో నిద్ర, ఆన్, ఆఫ్, ఇబ్బంది పెట్టే మెలికల కదలికలు అని రోగి గుర్తు పెడతాడు. మందుల ప్రయోగాల్లో ఈ డైరీకి ఉన్న బరువును తెలుసుకోవడానికి హైదరాబాద్ దాటి వెళ్లనక్కర్లేదు. సఫినమైడ్ అనే పార్కిన్‌సన్స్ మందు మీద ఇండియా, రొమేనియా, ఇటలీలలో 669 మంది రోగులతో జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2014లో మూవ్‌మెంట్ డిజార్డర్స్ పత్రికలో వెలువడ్డాయి. ఆ పత్రానికి మొదటి రచయిత నిమ్స్ నరాల వైద్యుడు రూపం బొర్గోహైన్. మందు పనిచేసిందా లేదా అని తేల్చడానికి పెట్టుకున్న ప్రధాన కొలత, రోజులో ఇబ్బందికరమైన కదలికలు లేని ఆన్ సమయం ఎంత పెరిగిందన్నదే. ఆ లెక్క వచ్చింది రోగులు ఇంట్లో నింపిన డైరీల నుంచి. సఫినమైడ్‌కు 2015లో ఐరోపాలో, 2017లో అమెరికాలో అనుమతి లభించింది. రోగి ఇంట్లో రాసుకున్న గీతలను వైద్యశాస్త్రం తేలిగ్గా తీసుకుంటుందని అనుకునేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

డైరీ లోపాలు అందరికీ తెలిసినవే. వణికే చేత్తో రాయడం కష్టం, మరిచిపోయిన గళ్లను సాయంత్రం ఒక్కసారిగా ఊహించి నింపేస్తారు, చదువురాని రోగికి అది అందనే అందదు. ఫోన్ పూడ్చగలిగిన లోటు అదే.

ఫోన్ ఏం కొలుస్తుంది

తెర అడ్డం తిప్పితే బొమ్మ కూడా తిరిగేది ఫోన్‌లోని యాక్సెలరోమీటర్ వల్ల. అది ఫోన్ కదలికలో వేగం మారే తీరును సెకనుకు యాభై నుంచి వంద సార్లు నమోదు చేయగలదు. విశ్రాంతిగా ఉన్న చేతిలో పార్కిన్‌సన్స్ వణుకు సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు వస్తుంది కాబట్టి ఆ నమోదు వేగం చాలినంత. ఫోన్‌ను ఒడిలోని చేతిలో ఊరికే పట్టుకున్నప్పుడు వణుకు ఎక్కువా, చెయ్యి చాచినప్పుడు ఎక్కువా అన్నది కూడా ఇది చూపుతుంది. గ్లాసు ఎత్తబోతే, సంతకం చేయబోతే వణికే మరో రకం జబ్బు నుంచి పార్కిన్‌సన్స్‌ను వేరుచేయడానికి వైద్యుడికి ఆ తేడా ఒక ఆధారం.

వణుకు కన్నా రోగిని ఎక్కువ కుంగదీసేది కదలికల మందగమనం. దాన్ని కొలవడానికి తెర మీద రెండు బొత్తాలను రెండు వేళ్లతో మార్చి మార్చి తట్టిస్తారు. మొత్తం ఎన్నిసార్లు తట్టారన్నదాని కన్నా తట్టు తట్టుకూ మధ్య ఎడం ఎలా సాగిపోతోందన్నది ముఖ్యం. మొదట చకచకా సాగి, పోనుపోను నీరసించి, మధ్యలో ఆగిపోవడం ఈ జబ్బు లక్షణం. నడకకు ఫోన్‌ను నడుముకో జేబులోనో కట్టుకుని కొన్ని అడుగులు నడిచి, తిరిగి రావాలి. అడుగు అతుక్కుపోయినప్పుడు కాళ్లు ముందుకు సాగకపోయినా ఉన్నచోటే అదురుతుంటాయి. మామూలు నడకలో లేని ఆ వేగమైన అదురును 2008 నుంచే పరిశోధకులు సెన్సర్లతో పట్టుకుంటున్నారు.

గొంతు మరో ఆధారం. గుండెల నిండా గాలి పీల్చుకుని ఆ అని వీలైనంతసేపు అనమంటారు. శ్రుతిలో, బలంలో వచ్చే సన్నని ఒడుదొడుకులను సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. బ్రిటన్ గణిత శాస్త్రజ్ఞుడు మాక్స్ లిటిల్ 2012లో మొదలుపెట్టిన ప్రయత్నంలో మామూలు టెలిఫోన్ ద్వారానే లోకమంతటి నుంచీ ఇలాంటి గొంతులు సేకరించారు. అచ్చు పలకడానికి భాషతో పని లేదు కనుక ఈ పరీక్ష తెలుగువారికి ఉన్నదున్నట్టు సరిపోతుంది. ప ట క, ప ట క అని వేగంగా పలికించే పరీక్షకూ అడ్డంకి లేదు, ఆ హల్లులు మనకు ఉన్నవే. విమానాశ్రయం పక్క ఊళ్లలో మాత్రం ఒక జాగ్రత్త పాటించాలి. విమానం పైకి లేచే వేళ తీసిన రికార్డు కొలతకు పనికిరాదు. కిటికీలు మూసి, రోజూ ఒకే గదిలో, ఒకే వేళకు తీసుకోవాలి.

మోటార్ న్యూరాన్ జబ్బులో కొలత ఎక్కువగా ప్రశ్నల మీద నడుస్తుంది. మాట, మింగడం, రాయడం, నడక, ఊపిరి వంటి 12 అంశాలకు 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తే మొత్తం 48. ఏఎల్‌ఎస్‌లో ఇది సగటున నెలకు ఒక పాయింటు చొప్పున తగ్గుతుంది, కానీ మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ. దక్షిణాదిలో కనిపించే మద్రాస్ మోటార్ న్యూరాన్ జబ్బు ఇందుకు మంచి ఉదాహరణ. 1970లో మద్రాసు వైద్యులు వర్ణించిన ఈ జబ్బు చిన్న వయసులోనే వస్తుంది, ముఖం, నాలుక కండరాలతో పాటు వినికిడినీ దెబ్బతీస్తుంది, కానీ చాలా నెమ్మదిగా ముదురుతుంది. ఆంధ్ర ప్రాంతం నుంచి కూడా రోగులు నమోదయ్యారు. ఇలా దశాబ్దాలు సాగే జబ్బుకు ఇంటి నమోదు ఎంతో విలువైనది, అయినా దీని మీద దృష్టి పెట్టినవారు తక్కువ.

పెద్ద ప్రయోగాలు నేర్పినవి

అమెరికాలో ఏఎల్‌ఎస్ వచ్చిన స్టీఫెన్ హేవుడ్ సోదరులు 2004లో పేషెంట్స్‌లైక్‌మి అనే వేదికను మొదలుపెట్టారు. రోగులు తమ స్కోర్లను, మందులను అక్కడ తామే నమోదు చేసేవారు. లిథియం ఏఎల్‌ఎస్‌ను నెమ్మదింపజేస్తుందని 2008లో ఇటలీ నుంచి ఒక పత్రం రాగానే చాలామంది ఆశతో ఆ మందు మొదలుపెట్టారు. అలా లిథియం వాడిన 149 మంది నమోదులను, అదే తీరులో జబ్బు సాగుతున్న ఇతరులతో పోల్చి చూడగా మందుతో ఫలితం లేదని తేలింది. 2011లో ఆ వివరాలు అచ్చయ్యాయి. తర్వాత జరిగిన వైద్య ప్రయోగాలూ అదే చెప్పాయి.

ఫోన్ సెన్సర్లతో మొదటి భారీ ప్రయత్నం 2015 మార్చిలో అమెరికాలో విడుదలైన ఎమ్‌పవర్. సేజ్ బయోనెట్‌వర్క్స్ సంస్థ నడిపిన ఈ ఐఫోన్ అధ్యయనంలో వేలమంది చేరారు. ఆండ్రాయిడ్ ఫోన్లపై నడిచిన హాప్‌కిన్స్‌పీడీ అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. 129 మంది చేసిన 6,148 పరీక్షల నుంచి వందకు ఒక స్కోరు తయారుచేశారు. ఒక్క రోజులోనే ఆ స్కోరు సగటున 13.9 పాయింట్లు మారుతోందని కనిపించింది. ఓపీ వరుసలో ఆన్, ఆఫ్ గురించి పైన చెప్పిన ఇబ్బంది ఎంత నిజమో ఈ అంకె రుజువు చేస్తోంది. ఇలాంటి కొలతలకు అధికారిక గుర్తింపూ మొదలైంది. 2019లో ఐరోపా మందుల సంస్థ డుషేన్ కండర క్షీణతలో పిల్లలు వేసుకునే పరికరం కొలిచిన నడక వేగాన్ని ప్రయోగాల్లో వాడటానికి ఒప్పుకుంది. 2022లో ఆపిల్ వాచీతో పార్కిన్‌సన్స్ లక్షణాలను గమనించే స్ట్రైవ్‌పీడీకి అమెరికా అనుమతి వచ్చింది.

నిరాశపరిచే ఫలితమూ ఉంది. ఇలాంటి ఎనిమిది ఫోన్ అధ్యయనాల్లో చేరిన లక్షకు పైగా మందిని పరిశీలించి 2020లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, సగం మంది 5.5 రోజుల్లోపే యాప్‌ను వదిలేశారు. వైద్యుడు పంపితే చేరినవారు మాత్రం ఎక్కువ కాలం కొనసాగారు. తమ నమోదును చదివే మనిషి ఉన్నాడని తెలిస్తే రోగి విసుగు లేకుండా చేస్తాడు. ఎంత తెలివైన సాఫ్ట్‌వేరైనా ఆ మనిషి లేని లోటు తీర్చలేదు.

తెలుగు ఇంట్లో కొలత

దూరవైద్యం తెలుగునేలకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ ఏర్పాటుచేసిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. అప్పట్లో దానికి ఉపగ్రహ అనుసంధానం కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పని జేబులోని ఫోన్ చేస్తుంది. 2020 మార్చి 25న, కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వీడియో, ఫోన్ మాట, వాట్సాప్ వంటి సందేశాల ద్వారా వైద్యుడు సలహా ఇవ్వడాన్ని అవి చట్టబద్ధం చేశాయి. ఉన్న జబ్బుకు వాడుతున్న మందును కొనసాగించడానికి, దానికి మరొకటి చేర్చడానికి కూడా వీలు కల్పించాయి.

అయితే పడమటి దేశాల్లో తయారైన ప్రశ్నావళులు మన ఇళ్లలోకి నేరుగా దిగవు. ఏఎల్‌ఎస్ ప్రశ్నావళి కత్తితో ఆహారం కోయడం గురించి అడుగుతుంది. మన దగ్గర చేతి పట్టు తప్పిందని ముందు బయటపడేది అన్నంలో పప్పు కలుపుకునేటప్పుడు, ముద్ద నోటిదాకా తెచ్చేటప్పుడు. లోతైన కుర్చీలోంచి లేవడం గురించి అడిగేచోట నేల మీద చాప మీంచి లేవడం, పీట మీంచి లేవడం, గొంతుక్కూర్చుని లేవడం అడగాలి. గుండీలు పెట్టుకోవడంతో పాటు చీర కుచ్చిళ్లు పెట్టడం, పంచె కట్టుకోవడం చేర్చాలి. ఏ ప్రశ్న అడగాలో ఊళ్లలో ఆశా కార్యకర్తలకు, ఇంట్లో కోడళ్లకు యాప్ తయారుచేసేవారి కన్నా బాగా తెలుసు. వారిని అడగకుండా తెలుగు చేసిన ప్రశ్నావళి సగమే పనికొస్తుంది.

పరికరం చిక్కులూ ఉన్నాయి. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అది ఇంటిల్లిపాదిదీ. తాతయ్య పేరున నమోదైన తట్లలో మనవడివి కలిసిపోతాయి. సేద్యం చేసి కాయలు కాసిన, ఎండిన వేళ్లను తెర సరిగా గుర్తించకపోతే, మందగమనం లేనిచోట ఉన్నట్టు కనిపిస్తుంది. మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు ముద్దగా పలికే తెలుగు ఇంకా అంతంతమాత్రంగానే అర్థమవుతుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ తెలుగు మాటల సేకరణపై చాలాకాలంగా పనిచేస్తోంది. ఆరోగ్యవంతుల గొంతులతో పాటు పార్కిన్‌సన్స్, ఏఎల్‌ఎస్ రోగుల గొంతులనూ వారి అంగీకారంతో సేకరిస్తే, గొంతు పోతున్నవారికి ఎంతో మేలు జరుగుతుంది. మాట పోయే ముందు సొంత గొంతును భద్రపరచుకునే సదుపాయాన్ని ఆపిల్ 2023లో ఇంగ్లిష్‌తో మొదలుపెట్టింది. తెలుగు తల్లికి తన గొంతుతో బిడ్డను పిలుచుకునే అవకాశం అంత కన్నా తక్కువ అవసరమేమీ కాదు.

విమానాశ్రయం ఈ విషయంలోకి మరో దారిలో వస్తుంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు శంషాబాద్‌లో దిగి, రెండు వారాలు అమ్మానాన్నల దగ్గర ఉండి వెళ్లిపోతారు. మిగతా ఏడాదంతా వాట్సాప్ వీడియోలోనే నడక చూస్తారు. తల్లిదండ్రులకు యాప్ నేర్పించి వెళ్లినవారి కన్నా, రోజూ ఆ ఫోన్ పట్టుకునే మనిషికి, అంటే ఇంట్లో ఉన్న చెల్లెలికో సహాయకురాలికో నేర్పించినవారికి నమోదు సరిగా అందుతుంది. రోగే విమానం ఎక్కితే మాత్రలు చేతి సంచిలో ఉండాలి, వేళను గడియారం చూసి కాక చివరి మాత్ర నుంచి గడిచిన గంటలను లెక్కపెట్టి ఫోన్ అలారంతో పాటించాలి. మెదడుకు విద్యుత్ ప్రేరణ ఇచ్చే డీబీఎస్ పరికరం అమర్చినవారు దాని గుర్తింపు కార్డును భద్రతా తనిఖీ దగ్గర ముందే చూపాలి.

నమోదు ఎవరిది

2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా మన దేశంలో వైద్య పరికరాల పర్యవేక్షణలోకి వస్తుంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం చేశారు. నడక, గొంతు, టైపు చేసే వేగం నుంచి జబ్బును పసిగట్టే శక్తి ఫోన్‌కు వస్తున్నకొద్దీ ఆ సమాచారం బీమా సంస్థకో యజమానికో చేరితే జరిగే నష్టం పెద్దది. డబ్బు తీసుకోని యాప్‌ను ఎవరు నడుపుతున్నారు, సమాచారం ఎక్కడ దాస్తున్నారు అని అడగడం రోగి హక్కు.

రోజూ స్కోరు చూసుకోవడం కొందరిని కుంగదీస్తుందనీ మరవకూడదు. నయం కాని జబ్బులో పడిపోతున్న గీతను ప్రతి ఉదయం చూడాల్సిన పని లేదు. డాక్టరును కలిసే ముందు మూడు రోజుల నమోదు చాలామందికి సరిపోతుంది.

యాప్ లేనివారికి కూడా ఈ పద్ధతి అందుబాటులో ఉంది. మాత్రకు ముందు ఒకసారి, వేసుకున్న గంట తర్వాత ఒకసారి, కుర్చీలోంచి లేచి నడిచి తిరిగి కూర్చునే వీడియో తీయాలి. ముఖం, పాదాలు రెండూ కనిపించాలి. మాత్ర వేళ, భోజనం వేళ, ఆన్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దిగిపోయిందో వాయిస్ మెసేజ్‌గా చెప్పి పెట్టుకోవాలి. పప్పు, పెరుగు, మాంసం వంటి మాంసకృత్తులున్న భోజనంతో కలిపి వేసుకుంటే లెవోడోపా కొందరిలో సరిగా అందదు, కనుక భోజనం వేళ తప్పనిసరి. వీటిని ఓపీ గదిలో మొదటి నిమిషంలోనే డాక్టరుకు చూపించాలి. ఫోన్ ఎంత మంచి అంకె చూపినా, ఎంత చెడ్డ అంకె చూపినా, మోతాదును సొంతంగా మార్చుకోకూడదు. లెవోడోపాను హఠాత్తుగా ఆపితే తీవ్రమైన జ్వరం, కండరాల బిగుతుతో ప్రాణాపాయం రావచ్చు.